పెయ్యలు ముందొచ్చాయి, చట్టం తర్వాత

దక్షిణ డకోటా రాష్ట్రాన్ని మిస్సోరీ నది నిలువునా చీల్చుకుంటూ పోతుంది. నదికి పడమటి నేలను అక్కడివాళ్లు ‘వెస్ట్ రివర్’ అంటారు. స్టర్గిస్ పట్నం దాటి 34వ నంబరు రోడ్డు మీద తూర్పుకు వెళ్తుంటే, లకోటా, షయాన్ తెగలకు పవిత్రమైన బేర్ బ్యూట్ కొండ మెల్లగా వెనకబడిపోతుంది. ఆ తర్వాత కంటికి ఆనేది గడ్డి ఒక్కటే. మీడ్ కౌంటీ మన పాత కృష్ణా జిల్లా కంటే కాస్త పెద్దది. జనం ముప్ఫై వేల చిల్లర, వాళ్లలోనూ ఎక్కువమంది పడమటి అంచున ఉన్న పట్నాల్లోనే. మిగతా నేలంతా ఆవులది. పొరుగింటికి పోవాలన్నా కారు తీయాల్సిందే.

2013 అక్టోబరులో ఇక్కడ మంచు తుపాను పడి వేల పశువులు చచ్చాయి. దానికి ‘అట్లాస్’ అని పేరు పెట్టారు. ఈ పశువుల రైతులు ప్రభుత్వం వైపు చూడకుండా తమంతట తామే లేచి నిలబడ్డారని అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు గొప్పగా చెప్పగా విన్నాను. రాపిడ్ సిటీలో మైనింగ్ కాలేజీలో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు, తనకు తెలిసిన రైతు దంపతుల ఇంటికి తీసుకెళ్తానన్నాడు. తమ పేర్లు రాయవద్దని వాళ్లు ముందే కోరారు.

ఇల్లు చిన్నది, పశువుల దొడ్డి పెద్దది. గడ్డిని యంత్రంతో గట్టిగా చుట్టి, మనిషి ఎత్తు చుట్టలుగా వరసలు పేర్చారు. కాఫీ ఇచ్చాక ఆయన మమ్మల్ని పికప్‌లో ఎక్కించుకుని బీట్లోకి తీసుకెళ్లాడు. తుపాను సంగతి ఆవులు నడిచిన దారిలోనే చెప్పాలన్నది ఆయన పట్టుదల.

అక్టోబరు 3, గురువారం సాయంత్రం వానతో మొదలైంది. ఆ వారం మొదట్లో ఎండలే కాశాయి. ఆవులింకా వేసవి బీళ్లలో ఉన్నాయి, చలికాలపు బొచ్చు ఇంకా మొలవలేదు. చలి ముదిరే వేళకు మందల్ని ఇంటి దగ్గరి వాగు పల్లాలకు తోలుకొస్తారు. అక్కడ చెట్లుంటాయి, గాలికి అడ్డు ఉంటుంది. వేసవి బీడు బయలు. అందులో వాన పశువుల్ని తోలు దాకా తడిపింది. ఆ తడి మీద శుక్రవారం మంచు, దానితోపాటు గంటకు 110 కిలోమీటర్లు దాటిన గాలి. శనివారం దాకా వదల్లేదు. రాపిడ్ సిటీలో రెండడుగుల దాకా పడింది, బ్లాక్ హిల్స్ కొండల్లో మూడు నాలుగడుగులు.

గాలి మంచు కొడుతుంటే ఆవు దానికి వీపు పెట్టి నడుస్తుంది. నిలబడదు. వాయవ్యం నుంచి వీచిన గాలికి మందలు ఆగ్నేయానికి నడిచాయి. కంచె దగ్గర మంచు పేరుకుని మెట్టులా తయారైతే దాన్నెక్కి అవతలికి దిగిపోయాయి. కొన్ని మైళ్లకు మైళ్లు వెళ్లాయి. వాగుల్లో, నీటి కుంటల్లో, గండ్లలో పడ్డవి మళ్లీ లేవలేదు. దెబ్బ తగలకుండా, నేల మీద పడుకున్నట్టే చచ్చినవీ ఉన్నాయి. ఒళ్లు చల్లబడి, నడిచి నడిచి అలసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి గుండె ఆగిపోయిందని పశువైద్యులు చెప్పారట. ఆయన ఒక గండి దగ్గర బండి ఆపాడు. ఇప్పుడక్కడ గడ్డి మోకాలెత్తు ఉంది. అందులో తన పశువులే కాదు, మరో ముగ్గురివి కూడా దొరికాయని, వాతల్ని చూసి ఎవరివి ఎవరివో విడదీశామని చెప్పాడు. మందలో సగానికి దగ్గరగా పోయింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మా వైపు చూడలేదు.

మొదటి రోజుల్లో లక్ష పశువులు పోయాయన్న మాట కూడా వినిపించింది. తర్వాత అంచనాలు తగ్గి, 15 వేల నుంచి 30 వేల మధ్యకు వచ్చాయి. అయితే తలల లెక్కతో ఈ నష్టం తెలియదు. ఇక్కడి రైతుకు జీతం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. వసంతంలో పుట్టిన దూడల్ని అక్టోబరు, నవంబరు నెలల్లో అమ్ముతాడు. తుపాను సరిగ్గా ఆ అమ్మకాలకు ముందు వచ్చింది. తల్లి చస్తే పక్కనున్న దూడా పోవచ్చు, కడుపులో ఉన్న వచ్చే ఏటి దూడ ఎలాగూ పోతుంది. ఆ స్థానంలో ఒక పెయ్యను పెంచి, కట్టించి, దాని దూడను అమ్మే దాకా మళ్లీ ఏళ్లు పడుతుంది. బ్యాంకు అప్పు మాత్రం ఆగదు.

“బీమా ఉండదా మామయ్యా?” అని మా మేనల్లుడు నన్ను అడిగాడు. నేను ఆయన్ని అడిగాను. ఇలాంటి చావుకు వర్తించే బీమా తమకు లేదనీ, చుట్టుపక్కల ఉన్నవాళ్లూ అరుదనీ ఆయన జవాబు.

ప్రభుత్వం సంగతి అప్పుడు అడిగాను. తుపాను మొదలవడానికి రెండు రోజుల ముందే, అక్టోబరు 1న, బడ్జెట్ గొడవతో వాషింగ్టన్‌లో ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. రైతులు నష్టం నమోదు చేయించుకోవాల్సిన వ్యవసాయ సేవా కార్యాలయాలకు తాళాలు పడ్డాయి. రెండు వారాల తర్వాత తెరిచినా, ఇవ్వడానికి పథకం లేదు. పశునష్ట పరిహార పథకం గడువు 2011 సెప్టెంబరు 30తోనే తీరిపోయింది. దాన్ని పునరుద్ధరించాల్సిన వ్యవసాయ బిల్లు కాంగ్రెస్‌లో నలుగుతోంది. అంటే రైతు ప్రభుత్వాన్ని వద్దన్నాడన్న మాట నిజం కాదు. తలుపు కొట్టడానికి ఆ రోజు తలుపే లేదు.

ముందొచ్చింది పొరుగువాళ్లే. కరెంటు లేదు, రోడ్లు మూసుకుపోయాయి. అయినా గుర్రాల మీదా ట్రాక్టర్ల మీదా ఎవరి పశువులైనా సరే వెతికారు. కళేబరాలు కుళ్లకముందే పూడ్చడానికి కౌంటీలు గుంతలు తవ్వించాయి. అది ప్రభుత్వ పనే, కానీ స్థానిక ప్రభుత్వం పని. మోంటానా రైతు టై లింగర్ ‘హెఫర్స్ ఫర్ సౌత్ డకోటా’ పేరుతో పిలుపునిస్తే, చాలా రాష్ట్రాల రైతులు తమ మందల్లోంచి చూడి పెయ్యల్ని ఇచ్చారు. ట్రక్కుల వాళ్లు తోలుకొచ్చారు. బ్లాక్ హిల్స్ ప్రాంత సామాజిక నిధి సంస్థ ద్వారా ‘రాంచర్ రిలీఫ్ ఫండ్’కు విరాళాలు వచ్చాయి. డబ్బు కంటే పెయ్యను ఇవ్వడంలో ఉన్న తెలివిని నేను ఎంత మెచ్చుకున్నా తక్కువే. డబ్బు అప్పులోకి పోతుంది. చూడి పెయ్య వసంతంలో దూడనిస్తుంది, మంద మళ్లీ మొదలవుతుంది.

ఆ ఇంటికి కూడా పెయ్యలు వచ్చాయి. తెచ్చినవాళ్లు రాత్రి ఉండి, పొద్దున్నే కంచె పనిలో చేయి వేసి వెళ్లారని ఆ ఇల్లాలు చెప్పింది. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని నేను అడిగితే ఆమె వేళ్లు మడిచి లెక్క చూపించింది. పోయినవాటి పక్కన వచ్చినవి చాలా కొద్ది. వాటిని తక్కువ చేయడానికి కాదు, తాము ఎలా నిలబడ్డామో నాకు సరిగ్గా అర్థం కావాలనే చెప్పింది. తాము ఈ పని మానుకోకుండా నిలబెట్టింది పెయ్యలేనని, అప్పు తీర్చింది మాత్రం తర్వాత వచ్చిన పరిహారమని ఆమె మాట.

ఆ పరిహారం 2014 ఫిబ్రవరి 7న వ్యవసాయ చట్టం మీద అధ్యక్షుడు ఒబామా సంతకం పెట్టాక వచ్చింది. అప్పటికి తుపాను దాటి నాలుగు నెలలు. పథకాన్ని 2011 అక్టోబరు 1 నుంచే వెనక్కి వర్తింపజేశారు. దరఖాస్తులు ఏప్రిల్ 15న మొదలయ్యాయి. చచ్చిన పశువు సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇచ్చారు.

అయితే ఆరు నెలల క్రితం పూడ్చిన ఆవు చచ్చిందని కాగితం మీద ఎలా చూపించాలి? ఆమె లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో ఫోటోలు, చెవి ట్యాగుల నంబర్లు రాసుకున్న నోటు పుస్తకం, దూడల జనన పట్టికలు. పథకం ఎప్పుడొస్తుందో తెలియకపోయినా ప్రతి కళేబరాన్నీ ఫోటో తీసి రాసిపెట్టుకోమని పశుసంవర్ధక అధికారులు, రైతు సంఘాలు మొదటి రోజుల్లోనే చెప్పారట. రుజువు చాలనిచోట, సంబంధం లేని మూడో మనిషి సాక్ష్యాన్ని కూడా చట్టం ఒప్పుకుంది. గండిలో నలుగురి పశువుల్ని వాతలు చూసి విడదీసిన పొరుగువాళ్లే ఆ సాక్షులు. అక్టోబరులో వాళ్లు చేసిన సాయం ఏప్రిల్‌లో సర్కారు కాగితంగా మారింది. నేను చూసినవాటిలో నాకు బాగా ముఖ్యమనిపించింది ఇదే.

స్వయంశక్తి కథ ఈ నేలకు పాతదే. 1886–87 చలికాలంలో ఉత్తర మైదానాల్లో మందలకు మందలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటికింకా అధ్యక్షుడు కాని థియొడోర్ రూజ్‌వెల్ట్ కూడా ఇక్కడికి ఉత్తరాన ఉన్న తన పశువుల్లో సగానికి పైగా పోగొట్టుకున్నాడు. గడ్డి కోసి నిల్వ చేయడం, మందను కంచెలో పెట్టుకోవడం ఆ దెబ్బతో నేర్చుకున్నారు. కానీ 1949లో మంచు వారాల తరబడి కురిసినప్పుడు నిల్వ గడ్డి ఉన్నా ఆవుల దగ్గరికి దారి లేకపోయింది. అప్పుడు సైన్యం ‘ఆపరేషన్ స్నోబౌండ్’ పేరుతో బుల్డోజర్లు దింపి రోడ్లు తెరిచింది, వాయుసేన విమానాల్లోంచి గడ్డి మోపులు జారవిడిచింది. మన ఆతిథేయి తండ్రి ఆ గడ్డి పడటం చూశాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో నామోషీ ఏమీ లేదు.

దక్షిణాన పైన్ రిడ్జ్ అనే లకోటా ఆదివాసుల రిజర్వేషన్ ప్రాంతం మీదా 2013 తుపాను పడింది. అమెరికాలో అత్యంత పేద ప్రాంతాల్లో అదొకటి. పొరుగువాడి దగ్గర ట్రాక్టరూ, మిగులు పెయ్యా ఉంటేనే పొరుగు సాయం నడుస్తుంది. ఊరంతా ఒకే తీరుగా లేనివాళ్లయినప్పుడు మీ కాళ్ల మీద మీరు నిలబడండి అనడం అన్యాయం.

ఇదంతా వింటున్నంతసేపూ నాకు మన గొల్ల కురుమలే మనసులో ఉన్నారు. తుపానులో, వరదలో జీవాలు చస్తే 2022–26 విపత్తు సహాయ నిబంధనల కింద గొర్రెకో మేకకో 4,000 రూపాయలు, పాడి ఆవుకో గేదెకో 37,500 రూపాయలు ఇస్తారు. కానీ కుటుంబానికి గొర్రెలైతే ముప్ఫై, పాడి పశువులైతే మూడు, అంతే. వంద గొర్రెల మంద మునిగిపోయినా ముప్ఫైకే లెక్క. డకోటాలోనూ అప్పట్లో పరిమితి ఉండేది, మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లు. అది మంద పోయినవాడు మళ్లీ మంద కట్టుకోగల పరిమితి. మనది కాదు. దాన్ని మార్చాలి.

జీవాలున్న పాఠకులకు ఒక్క మనవి. మీ పశువుల చెవికి పన్నెండంకెల ట్యాగు వేయించండి. ఆ నంబర్లు ఒక పుస్తకంలో రాసి, ఇంట్లో ఒకటి, పొరుగింట్లో ఒకటి ఉంచండి. గాలివాన వచ్చాక ఆ పని చేయడానికి వీలుండదు.