ముందు ఎర్త్

ఉర్దూ మీడియం బడిలో మా సైన్సు ఉస్తాద్ అయస్కాంతాన్ని మఖ్నాతీస్ అనేవారు. రెసిస్టెన్స్ అంటే ముజాహమత్. ఇండక్షన్ అంటే ఇమాలా. డిగ్రీ తెలుగుతో చేసి పత్రికలో చేరాక, సైన్సు పేజీ దిద్దుతూ అవే సంగతులు ఇంకో పేర్లతో నేర్చుకున్నాను: నిరోధం, ప్రేరణ. మా పాపది ఇంగ్లీషు మీడియం. ఈ మూడు జబాన్లూ పోయిన ఎండాకాలం చెన్నూరులో ఒక రేడియో రిపేరు బల్ల మీద కలిశాయి. కలిపింది పాప ఎలక్ట్రిక్ గిటార్.

గిటార్ సెకండ్‌హ్యాండ్‌ది. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి నకలు. తీగల కింద మూడు పికప్‌లుంటాయి. అడుగున బ్రిడ్జి దగ్గరిది మూగబోయింది. మిగతా రెండూ పలుకుతాయి గానీ వెనక జుయ్‌మని ఒకటే రొద. "తీగల మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టుంది అబ్బా" అని కూడా పాప రెండుమూడుసార్లు అంది. కడపలో ఒక షాపులో చూపిస్తే, దీని మీద ఖర్చు దండగ, కొత్తది తీసుకోండి అన్నారు.

అమ్మీకి ఇదంతా పసంద్ లేదు. ఆడపిల్ల, అందులో ఇంత షోర్ చేసే సాజ్. "రెహమాన్ అంతటాయన మన కడప పెద్ద దర్గాకి వస్తాడు కదా దాదీ" అంటుంది పాప. "వచ్చేది జియారత్‌కి, గిటార్‌కి కాదు" అంటుంది అమ్మీ. మౌసీఖీ జాయజా, నాజాయజా అనే బహస్ మా ఇంట్లో ఏనాడూ తెగింది లేదు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా అని నేను మధ్యలోకి పోను.

గిటార్ తీసుకుని చాచా దగ్గరికి పోయాం. అబ్బా దోస్తు ఆయన, డెబ్బై దాటాయి. చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆయన దుకాణంలో ట్రాన్సిస్టర్లు పెట్టడానికి జాగా ఉండేది కాదు. కడప ఆకాశవాణి సరిగా పట్టకపోతే జనం ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు షట్టర్ సగమే లేపుతాడు. రేడియోలు పోయాయి, టీవీ చెడితే బోర్డే మార్చేస్తున్నారు. ఎలక్ట్రిక్ గిటార్‌ని ఆయన చేత్తో పట్టుకోవడం అదే మొదలు. తీగలు వదులు చేసి, మరలు విప్పి, తెల్ల ప్లాస్టిక్ పలకని బోర్లా తిప్పగానే నవ్వాడు.

"అరే, యే తో మఖ్నాతీస్ హై!"

నిజంగా అంతే. ఆరు తీగలకి ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ వెంట్రుకలాంటి రాగితీగ. దాని మందం 0.06 మిల్లీమీటర్లు, చుట్లు ఏడెనిమిది వేలు. పైన స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగిచుట్టలో రవ్వంత కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన ఇమాలా ఇదే. అందుకే నైలాన్ తీగలు వేస్తే ఈ గిటార్ పలకదు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ "ఇండక్షనంటే మన స్టవ్వేనా?" అంది. అవును, ఆ స్టవ్వూ ఈ ఉసూల్ మీదే నడుస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నదీ ఇందుకే. మామూలు మాండొలిన్ మీద స్వరం మీటగానే ఆరిపోతుంది, గమకానికి అంత వ్యవధి ఉండదు. ఆయన జంట తీగలు వదిలేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు.

మీటరు పెట్టి చూస్తే మెడ దగ్గరి పికప్ ఆరు కిలో ఓమ్‌లు చూపింది. బ్రిడ్జిది ఏమీ చూపలేదు. అంటే లోపల ఎక్కడో తీగ తెగింది. "ముప్పై ఏళ్ల కిందటైతే నేనే చుట్టేవాణ్ని బేటా, ఇప్పుడు నజర్ లేదు" అన్నాడు చాచా. ఎన్నో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిన చేతులవి. దాని బదులు హంబకర్ తెప్పించాం. ఎదురెదురు చుట్లు, ఎదురెదురు అయస్కాంతాలు ఉన్న రెండు కాయిల్స్ అందులో ఉంటాయి. గోడలోని వైర్లు, ట్యూబులైట్లు పంపే 50 హెర్ట్జ్ రొద రెండింటిలోకీ వస్తుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. తీగ నాదం మాత్రం కలిసి రెట్టింపవుతుంది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఇంజనీరు 1955లో దీనికి పేటెంటు అడిగాడు.

హంబకర్ వచ్చాక కూడా చాచా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయలేదు. పాప అన్న చీమల మాట ఆయన మరిచిపోలేదు. టెస్టర్ జేబులో పెట్టుకుని మా ఇంటికొచ్చి, ఆంప్లిఫయర్ ఆన్ చేయించి, తీగకి ఆనించాడు. లోపలి చిన్న బల్బు ఎర్రగా వెలిగింది.

సంగతేమంటే, గిటార్ తీగలన్నీ బ్రిడ్జి నుంచి ఒక వైరు ద్వారా ఆంప్లిఫయర్ ఒంటికి కలిసి ఉంటాయి. రొద తగ్గడానికి అది కావాలి. ఆ ఒంట్లో కరెంటు లీకైతే మూడో పిన్ను దాన్ని భూమిలోకి పంపాలి. మేముండేది పాత అద్దె ఇల్లు. సాకెట్‌కి మూడో రంధ్రం ఉంది, దాని వెనక వైరే లేదు. ఇలాంటి ఇంట్లో ఒక చెయ్యి తీగల మీద పెట్టి, పెదాలు మైకుకి ఆనిస్తే ఏమవుతుందో చాచా చెప్పలేదు, పాపకేసి చూశాడంతే. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వీ అనే గిటారిస్టు ఎర్త్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు.

"పహలే జమీన్, ఫిర్ మౌసీఖీ" అన్నాడు చాచా.

ఇంటి ఓనరు ఇజాజత్ తీసుకుని పెరట్లో గుంత తవ్వించాం. పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశాం. ప్రతి సాకెట్‌కీ ఎర్త్ వైరు లాగించాం. లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. గుంత చూసి అమ్మీ "ఏం, గిటార్‌ని దఫన్ చేస్తున్నారా?" అని అడిగింది, కాస్త ఉమ్మీద్‌తోనే.

ఆ తర్వాతే టంకం పని. హంబకర్ నుంచి నాలుగు రంగుల వైర్లొచ్చాయి. వాటి లెక్క కంపెనీకో రకం. జోడీలు మీటరుతో దొరుకుతాయి గానీ, ఏది మొదలో ఏది చివరో తెలియాలి. తప్పు కలిపితే రెండు పికప్‌లు కలిసి మోగేటప్పుడు నాదం పలచబడి ముక్కుతో పాడినట్టుంటుంది. ఇక్కడ చాచా పాత ముల్లు మీటరు పనికొచ్చింది. పికప్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి టక్కున లాగితే ముల్లు ఒక పక్కకి ఎగురుతుంది. అన్ని పికప్‌లకీ ఒకే పక్కకి ఎగిరేలా వైర్లు మార్చుకుంటే చాలు. అంకెల మీటర్లో ఈ తమాషా ఇంత సాఫ్‌గా కనిపించదు.

టోన్ నాబ్ సంగతి ఇంకా చిన్నది. అందులోని కెపాసిటర్ కీచుదనాన్ని ఎర్త్‌కి జార్చేస్తుంది. ఒంటి కాయిల్ పికప్‌కి 0.047 మైక్రోఫారడ్లది, హంబకర్‌కి 0.022ది వాడడం రివాజు. పాతకాలం కెపాసిటర్లని వేలకి వేలు పెట్టి కొనేవాళ్లున్నారు. విలువ ఒకటే అయితే చెవికి తేడా తెలుస్తుందని నాకు నమ్మకం లేదు. చాచా డబ్బాలో వెతికి 473 అని రాసున్న ఆకుపచ్చ కెపాసిటర్ ఒకటి, 223 ఒకటి తీశాడు. ఏ టేప్‌రికార్డర్‌లోవో పాపం. రెండూ పెట్టి విని, పాప 223 ఉంచమంది.

మొదటి రెండు టంకాలు చాచా పెట్టాడు. మూడో దానికి చెయ్యి వణికింది. ఐరన్ పాప చేతికిచ్చి "సీసం మీద కాదు, ముందు వైరుని వేడి చెయ్ బేటీ" అన్నాడు. మిగతావన్నీ తనే పెట్టింది.

కవ్వాలీ పార్టీల్లో బెంజో వాయిస్తారు కదా, మీటలుండేది. జపాన్‌లోని నగోయాలో 1912లో గోరో మొరీటా చేసిన తైషోగోతో అనే సాజ్ మన దేశానికొచ్చి అలా మారింది. దానికీ ఇప్పుడు పికప్ బిగిస్తున్నారు. పోయిన జుమ్మా నాడు అలాంటిదొకటి చాచా దుకాణానికి వచ్చింది, పలకట్లేదట. చాచా మా ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తింది అమ్మీ. రెండు నిమిషాలు మాట్లాడి, ఫోన్ పాపకిస్తూ అంది: "పని నీకేనంట. చున్నీ సర్దుకుని పో, వేడి ఐరన్ దగ్గర వేలాడనీయకు."