ఫ్రిజ్ లేని చోటికి

రెండేళ్లుగా మా ఇంట్లో ఏ ప్రయాణం మాట వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ ఫ్రిజ్ ఉంటుందా?"

మా అమ్మాయికి టైప్ 1 మధుమేహం. ఎనిమిదో తరగతిలో ఉండగా బయటపడింది. ఇప్పుడు పదో తరగతి. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ తీసుకుంటుంది. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. వందేళ్ల కిందట దొరికిన ఆ మందు వల్లే మా పాప ఈ రోజు బ్యాగు తగిలించుకుని స్కూలుకు వస్తోంది. అందుకే ఆ మందును చల్లగా ఉంచడం మా ఇంట్లో పూజగదిలో దీపం పెట్టడం లాంటి పని అయింది.

డాక్టరుగారు మొదటి రోజే వివరంగా చెప్పారు. సీలు తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకడితే, ఆ తర్వాత కరిగినా సరే, పారేయాల్సిందే. వాడుకలో ఉన్న పెన్ను మాత్రం, మేం వాడే రకమైతే, 30 డిగ్రీలు దాటని చోట 28 రోజుల వరకు బయట ఉండొచ్చు. ఎండలో ఆపిన కారులో ఒక్క పూట కూడా వదలకూడదు.

మా ప్రయాణాలన్నీ ఈ నాలుగు మాటల చుట్టూ తిరిగాయి. తిరుపతి వెళ్లాం, గదిలో ఫ్రిజ్ ఉందని కనుక్కుని. పెళ్లిళ్లకు వెళ్లాం, సాయంత్రానికి తిరిగి వచ్చేలా. ఒక్క చోటికి మాత్రం వెళ్లలేదు. అది మా అత్తగారి చేను.

మా వారి ఊరు కడప జిల్లాలో, గండికోట రిజర్వాయరు నీళ్లలో మునిగిన ఊళ్లలో ఒకటి. ఇల్లు లేదు, వీధి లేదు. మా అత్తమామలు ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నారు. ఊరికి ఎగువన ఉన్న ఏడెకరాల నల్లరేగడి చేను మాత్రం మిగిలింది. అక్కడ బోరు పడలేదు కాబట్టి కరెంటు స్తంభమూ రాలేదు. ఏటా దసరా రోజుల్లో శనగ విత్తే ముందు మామగారు వెళ్లి, వేపచెట్టు కింద నాలుగైదు రాత్రులు ఉంటారు. చిన్నప్పుడు మా అమ్మాయికి ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన రోజులు అవే. జబ్బు వచ్చాక ఒక్కసారి కూడా "చేనికి పోదాం" అని అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఈ ఏడు వెళ్దామని మా వారు అన్నారు. ఆయనది డ్రిప్పు పైపుల వ్యాపారం, బండి బొలెరో క్యాంపర్. వెనక తొట్టికి రేకు కప్పు వేయించి, లోపల పరుపులు పరిస్తే ఇద్దరు హాయిగా పడుకోవచ్చు. మిగిలింది ఫ్రిజ్.

"పదో తరగతి పిల్లను దసరా సెలవుల్లో పొలానికి తీసుకెళ్తారా?" అని అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్లు ఉన్నారు. క్లాస్ టీచరుగారు మాత్రం నవ్వి, "వెళ్లు, విద్యుత్తు పాఠం పుస్తకం వెంట తీసుకెళ్లు" అన్నారు. ఆ పాఠమే మాకు పనికొచ్చింది.

బండిలో పెట్టుకునే ఫ్రిజ్‌లు రెండు రకాలు. తక్కువ ధరకు వచ్చే పెల్టియర్ రకం బయటి వేడి కన్నా ఓ 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. బయట 38 ఉంటే లోపల 18 దగ్గరే ఆగిపోతుంది. పైగా కరెంటు ఆపకుండా లాగుతూనే ఉంటుంది. ఇన్సులిన్‌కు అది చాలదు. రెండోది కంప్రెసర్ రకం. ఇది మన ఇంటి ఫ్రిజ్ లాంటిదే, 12 ఓల్టుల మీద నడుస్తుంది, కావలసినంత చల్లబడ్డాక ఆగుతుంది. మేం 30 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాం.

దాని మీద 45 వాట్లు అని ఉంది. మా అమ్మాయి పుస్తకం తీసి 45ను 12తో భాగించింది. "దాదాపు 3.75 ఆంపియర్లు నాన్నా. పగలు సగం సేపు, రాత్రి పావు సేపు తిరుగుతుందనుకుంటే రోజుకు తొమ్మిది గంటలు. తొమ్మిది నలభై ఐదులు 405 వాట్ అవర్లు. ఫోన్లకూ లైటుకూ ఇంకో 45. మొత్తం 450."

నేను బ్యాంకులో పనిచేస్తాను. ఆ కాగితం చూస్తే నాకు ఖాతా పుస్తకంలాగే కనిపించింది. రోజు ఖర్చు 450. మరి జమ ఎంత?

బండి సొంత బ్యాటరీని ఈ పనికి ముట్టుకోకూడదని మా వీధి ఆటో ఎలక్ట్రీషియన్ మొదటే చెప్పాడు. అది ఇంజన్ స్టార్ట్ చేయడానికి కొద్ది క్షణాల పాటు ఎక్కువ కరెంటు ఇచ్చే బ్యాటరీ. గంటల తరబడి కొద్దికొద్దిగా లాగితే త్వరగా పాడవుతుంది. తెల్లారాక బండీ కదలదు. అందుకని 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వేరుగా పెట్టాం. దాని ఓల్టేజీ 12.8, అంటే నిండుగా 1280 వాట్ అవర్లు. 20 శాతం కన్నా కిందికి దించకూడదని నియమం పెట్టుకున్నాం. రెండు బ్యాటరీల మధ్య డీసీ టు డీసీ చార్జర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. బండి నడిచేటప్పుడు అది రెండో బ్యాటరీని నింపుతుంది, ఇంజన్ ఆపగానే రెండింటినీ విడదీస్తుంది. దీనికి తోడు 100 వాట్ల సోలార్ ప్యానెల్. 100 అని రాసి ఉన్నా వేడికీ, ఎండ వాలుకూ, వైరుకూ పోగా మంచి ఎండ రోజున మాకు 350 వాట్ అవర్ల దాకా వచ్చింది.

ప్యానెల్ ఎండలో ఉండాలి, ఫ్రిజ్ నీడలో ఉండాలి. మధ్యలో పొడుగు వైరు. వైరు పొడుగయ్యేకొద్దీ నిరోధం పెరుగుతుంది, లావయ్యేకొద్దీ తగ్గుతుంది. ఇది పాఠంలో ఉన్నదే. సన్నటి వైరు వేస్తే దారిలోనే ఓల్టేజీ పడిపోయి, బ్యాటరీలో చార్జి ఉన్నా ఫ్రిజ్ ఆగిపోవచ్చు. అందుకే 6 స్క్వేర్ ఎంఎం వైరు వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించాం. ఫ్రిజ్‌ను ముందు రోజే ఇంటి కరెంటు మీద చల్లబరిచి, చల్లని వస్తువులే అందులో సర్దాం. ఇన్సులిన్ డబ్బా గోడకు ఆనకుండా మధ్యలో ఉంచి, పక్కనే చిన్న థర్మామీటరు పెట్టాం. గోడ దగ్గర గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది మరి.

మొదటి రెండు రోజులు లెక్క ప్రకారమే నడిచింది. రెండో రోజు సాయంత్రానికి బ్యాటరీ 92 శాతం. వాడుకలో ఉన్న పెన్నులకు మా అత్తగారే చోటు చూపించారు. తడి ఇసుకలో ఒక పొడి ముంత గుచ్చి, అందులో కవరు చుట్టిన పెన్నులు పెట్టి మూత వేశారు. నీరు ఆవిరవుతూ ముంతను చల్లబరుస్తుంది. మధ్యాహ్నం బయట 34 ఉంటే ముంతలో 28 చూపించింది.

ఆ రాత్రి వాన మొదలైంది. తెల్లవారుజాము దాకా పడింది. పొద్దున మామగారి ముఖం వెలిగిపోయింది. "పదును దొరికినట్టే. ఎల్లుండి ఎండ గాస్తే గొర్రు కట్టొచ్చు" అన్నారు. నల్లరేగడి గురించి తెలిసినవాళ్లకు రెండో సంగతి కూడా తెలుసు. తడిసిన ఆ నేలలో బండి చక్రం తిరగదు, జిగురులా పట్టుకుంటుంది. ఆయనకు వరమైన వాన మమ్మల్ని అక్కడే కట్టేసింది. ఆకాశం నిండా మబ్బు. ఆ రోజు ప్యానెల్ నుంచి వచ్చింది 60 మాత్రమే.

మూడో రోజు సాయంత్రం 67 శాతం. మా అమ్మాయి నోటుపుస్తకంతో వచ్చి కూర్చుంది. వాతావరణం చల్లబడి ఖర్చు 380కి తగ్గినా, ఇలాగే మబ్బు ఉంటే రెండు రోజుల్లో 17కు పడిపోతాం అంది. నేల ఆరడానికి ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు.

"ఇంజన్ ఆన్ చేస్తే గంటలో 200 పైనే వస్తుంది కదమ్మా" అన్నారు మా వారు.

"వస్తుంది నాన్నా. కానీ మనం పడుకునేది ఆ బండిలోనే. పొగ లోపలికి వస్తుంది. అది అమ్మ చెప్పే ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకుందాం. ముందు ఖర్చు తగ్గిద్దాం."

తర్వాత ఇంటి పెద్దలాగా మా అందరికీ పనులు చెప్పింది. చల్లనీళ్ల కోసం ఫ్రిజ్ తెరవకూడదు, కుండలో నీళ్లే తాగాలి. తమ్ముడి కూల్‌డ్రింకులు, కూరగాయలు బయటికి. చల్లబడ్డ రెండు నీళ్ల సీసాలు మాత్రం లోపలే, అవి చలిని పట్టి ఉంచుతాయి. సెట్టింగు 4 నుంచి 6కు. మూత రోజుకు రెండేసార్లు తెరవాలి. ఫోన్లలో ఒకటే ఆన్‌లో ఉండాలి. గాలి బయటికి పోయే చోటు వదిలి మిగతా ఫ్రిజ్‌కు దుప్పటి చుట్టాలి.

మా అత్తగారు అంతా చూసి, "ఈ పెట్టె కరెంటు తింటాండాదని పాప దానికి కూడా పథ్యం పెట్టింది సూడు" అన్నారు. ఆ చీకట్లో అందరం నవ్వాం. అందరికన్నా గట్టిగా నవ్వింది మా అమ్మాయే. పథ్యం అనే మాట విని అది నవ్వడం రెండేళ్లలో నేను చూడలేదు.

నాలుగో రోజు కూడా మబ్బే. ఖర్చు 280కి దిగింది. సాయంత్రానికి 50 శాతం. ఐదో రోజు ఎండ వచ్చింది, ఖర్చుకు సరిపడా జమ అయింది, 51. ఆరో రోజు పొద్దున గొర్రు చేనిలో దిగేసరికి దారి కూడా ఆరింది. బయల్దేరేటప్పుడు బ్యాటరీ 36 శాతం, ఇన్సులిన్ డబ్బా పక్కన థర్మామీటరు 6 డిగ్రీలు. ఇంజన్ అవసరమే రాలేదు.

ఆ ఐదు రాత్రులూ అర్ధరాత్రి లేచి థర్మామీటరు చూసింది నేను కాదు. పిల్ల తానే అలారం పెట్టుకుని లేచింది. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి డబ్బా ఎక్కడుందో చూసేది ఎప్పుడూ నేనే. అక్కడ లెక్క దాని చేతిలో ఉంది కాబట్టి జాగ్రత్త కూడా దాని చేతికే వెళ్లింది. ఇలాంటి పిల్లలు కొద్దికొద్దిగా తమ మందు బాధ్యత తామే తీసుకోవాలని డాక్టరుగారు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఎలా అప్పగించాలో నాకు తోచలేదు. ఒక బ్యాటరీ, ఒక నోటుపుస్తకం, రెండు రోజుల మబ్బు ఆ పని చేశాయి.

మన స్కూల్లోనే ఇలాంటి మందులు వాడే పిల్లలు ఇంకా ఉన్నారు. ఆ తల్లిదండ్రులకు నేను చెప్పగలిగింది ఇంతే. ఎక్కడికైనా వెళ్లే ముందు మీ డాక్టరుగారిని అడిగి మీ మందు ఎంత వేడి, ఎంతసేపు తట్టుకుంటుందో కాగితం మీద రాయించుకోండి. అవసరమైన దానికన్నా ఒక పెన్ను ఎక్కువ పట్టుకెళ్లండి. ఫ్రిజ్ ఖర్చు, జమ లెక్క పిల్లల చేత వేయించండి. మీరు పక్కన కూర్చోండి చాలు.

మొన్న డిసెంబరు విహారయాత్రకు అనుమతి పత్రం ఇంటికి వచ్చింది. ఆరోగ్య వివరాల గడి ప్రతి ఏడూ నేనే నింపేదాన్ని. ఈసారి అప్పటికే నిండి ఉంది. "ఇన్సులిన్, రోజుకు నాలుగుసార్లు, నేనే చూసుకుంటాను" అని రాసి, కింద చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న చేర్చింది: "బస్సులో సాకెట్ 12 ఓల్టులా, 24 ఓల్టులా? దయచేసి చెప్పగలరు."