దీవిలో బస దొరకదు

పిల్లలూ, యర్రగొండపాలెం నుంచి మాచర్ల మీదుగా వెళ్ళి, లాంచీ ఎక్కితే నాగార్జునకొండ చేరవచ్చు. అది పుట్టుకతో దీవి కాదు. కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టగా, లోయంతా మునిగి, కొండకొన దీవిగా మిగిలింది! 1954 నుంచి 1960 వరకు ఆ లోయలో తవ్వి తీసిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలు అక్కడి మ్యూజియంలో ఉన్నవి.

చూడబోయినవారు సాయంత్రానికి తిరిగి రావలసిందే. దీవిలో రాత్రి బస లేదు. గది ఒడ్డునే వెతకాలి. మనవైపువారికి కుడిగట్టున విజయపురి సౌత్ మేలు. లాంచీల రేవు అక్కడ ఉన్నది. ఎడమగట్టున హిల్ కాలనీలో దిగితే ఆనకట్ట దాటి తెలంగాణలోకి పోయినట్టే. గదికి డబ్బు కట్టేముందు, కిటికీలోంచి నీళ్ళు కనబడతాయా అని కాదు, రేవు ఎంత దూరం, లాంచీ ఎన్ని గంటలకు అని నాన్నగారిని కనుక్కోమనండి. లాంచీ తప్పిందా, దీవి చూడకుండానే ఇంటిదారి! అన్నట్టు, శుక్రవారం మ్యూజియానికి సెలవు.