ఇంగ్లీషు తల, ఫ్రెంచి మర

పుదుచ్చేరిలో సముద్రానికి దగ్గరగా ఉన్న వీధులలో ఇనుము ఎక్కువ కాలం ఇనుముగా నిలువదు. కిటికీ చువ్వలను, తలుపు గొళ్ళేలను, సైకిలు గొలుసులను ఉప్పుగాలి మెల్లమెల్లగా తినివేస్తుంది. అట్టి వీధిలో ఒక పాత ఇంటి వసారాలో, గోనెపట్టాల క్రింద, పది సంవత్సరాలకు పైగా ఒక ఎం.జి. కారు నిలిచిపోయి ఉన్నది. రెండే ఆసనాలు, గుడ్డ పైకప్పు, పొడుగాటి ముక్కు, చక్రాల మీదుగా వంపు తిరిగిన మడ్‌గార్డులు. టి.డి. అనే ఈ నమూనాను ఇంగ్లండులోని అబింగ్డన్ పట్టణంలో 1950 నుంచి 1953 వరకు సుమారు 30,000 దాకా తయారుచేసినారు. వాటిలో అధిక భాగం అమెరికాకు పోయినవి.

కారు యజమాని యానాం నుంచి వచ్చి పుదుచ్చేరిలో స్థిరపడిన తెలుగు గృహస్థు. 1954 నవంబరు 1న ఆ పట్టణ పరిపాలన ఫ్రెంచివారి నుంచి భారతదేశానికి మారినది. ఆ తరువాత కొద్దికాలానికి, మద్రాసు విడిచి స్వదేశానికి పోతున్న ఒక దొర వద్ద ఆయన ఈ కారు కొన్నాడని ఇంట్లో చెప్పుకొనేవారు. ఆయన జీవించి ఉన్నంతకాలం దానిపై మరొకరి చేయి పడనీయలేదు. ఆయన పోయిన తరువాత దాని రహస్యాలు తెలిసినవారు ఇంట్లో ఎవరూ మిగులలేదు.

ఇప్పుడు ఇల్లు అమ్ముడుపోయినది. వసారా ఖాళీ చేయడానికి రెండు నెలల గడువు. ఎనభయ్యారేళ్ళ అత్తయ్య యానాంలో కూతురి ఇంటికి పోవడానికి సిద్ధమైనది. పాత ఇనుము కొనేవాడు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి ధర చెప్పి వెళ్ళినాడు. ఆనాటి సాయంత్రం ఆమె మేనల్లుడిని పిలిచి, “ఒక్కసారి బీచి దాకా తీసుకువెళ్ళరా. తరువాత మీ ఇష్టం” అన్నది. మేనల్లుడు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. యాభై ఏళ్ళు దాటినవి. అంతవరకు పానా చేతపట్టి ఎరుగడు. ఆమె మాటను కాదనలేక, మామయ్య పనిముట్ల పెట్టె తెరచినాడు.

ముందుగా నీటి పంపు త్రుప్పు పట్టి బిగిసిపోయిందని తేలినది. దానిని ఊడదీయునప్పుడు ఒక బోల్టు విరిగినది. విరిగిన ముక్కను ఎలాగో వెలికి తీసి, అటువంటి బోల్టు కోసం బజారుకు వెళ్ళినాడు. పెట్టెలోని ఇంగ్లీషు విట్‌వర్త్ పానా దాని తలకు సరిగ్గా పట్టింది. కనుక అది ఇంగ్లీషు బోల్టే అయి ఉండవలెనని నిశ్చయించి, అంగుళంలో పదహారింట ఐదు వంతుల బోల్టు తెచ్చినాడు. అది చేతితో రెండు చుట్లు ఎక్కి ఆగిపోయినది. త్రుప్పు అడ్డుపడుతున్నదనుకొని, పానాకు ఇనుపగొట్టం తగిలించి బలంగా త్రిప్పినాడు. లోపల ఏదో గరగరలాడింది. తరువాత బోల్టు ఏ అడ్డూ లేకుండా వట్టిగా తిరిగినది. వెలికి తీసి చూస్తే దాని చుట్లలో ఇంజను ఇనుపపొడి అంటుకొని ఉన్నది.

మరునాడు పట్టణంలోని ఒక వృద్ధ లేత్ పనివాడి వద్దకు విరిగిన పాత బోల్టును తీసుకొని పోయినాడు. అతడు దాని చుట్లపై పళ్ళ కొలతబిళ్ళ ఆనించి చూచి నవ్వినాడు. అది 8 మిల్లీమీటర్ల బోల్టు. చుట్టుకూ చుట్టుకూ నడుమ ఒక మిల్లీమీటరు. నేడు బజారులో దొరికే మెట్రిక్ బోల్టులో ఆ ఎడం సాధారణంగా ఒకటింబావు మిల్లీమీటరు. అంటే అదైనా దీనికి పట్టదు.

దీని వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. హాచ్‌కిస్ అనే ఫ్రెంచి ఆయుధ సంస్థ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని కోవెంట్రీలో ఒక కర్మాగారం స్థాపించినది. యుద్ధానంతరం అక్కడ మారిస్ కార్లకు ఇంజనులు తయారైనవి. 1923లో మారిస్ ఆ కర్మాగారాన్నే కొనివేసినాడు. యంత్రాలన్నీ ఫ్రెంచి కొలతలవి. వాటిని మార్చడం చాల ఖర్చుతో కూడిన పని. అందుచేత మరలను ఫ్రెంచి కొలతలోనే కోసి, ఇంగ్లీషు మెకానిక్కుల పానాలకు అందేటట్లు తలలను మాత్రం ఇంగ్లీషు కొలతకు చేసినారు. ఆ అలవాటు మూడు దశాబ్దాల తరువాత ఈ ఎం.జి. ఇంజనులోనూ నిలిచినది. ఇంగ్లీషు కారని యావన్మందీ చెప్పుకొన్న ఆ వాహనం, ఒకనాటి ఫ్రెంచి పట్టణంలో, తన లోపల ఫ్రెంచి కొలతను దాచుకొని అన్నేళ్ళు నిలిచినది.

లేత్ పనివాడు చెడిన రంధ్రాన్ని పెద్దది చేసి, లోపల పాత కొలత మర గల ఒక చిన్న బుష్ బిగించినాడు. “చేతికి ఎక్కనిదాన్ని పానాతో ఎక్కించకండి” అని మాత్రం తమిళంలో చెప్పినాడు.

అటుపైన బ్యాటరీ వంతు వచ్చినది. ఈ కారులో చట్రానికి కలుపవలసినది ధనధ్రువమని పాత కరపుస్తకంలో చదివి, ఆ ప్రకారమే కలిపినాడు. ఇంజను తిరిగింది గాని అంటుకొనలేదు. అతని అనుమానమంతా జంట కార్బురేటర్లపైనే. గాలి పీల్పుకు పైకి లేచే పిస్టను, దానితో కూడ కదిలే సన్నని సూది — కొత్తవాడి కన్ను అటువంటి చోటనే చిక్కుకొంటుంది. మూడుసార్లు విప్పినాడు, మూడుసార్లు బిగించినాడు. గడువులో పది రోజులే మిగిలినవి.

నాలుగవసారి విప్పబోతూ ఉండగా, కుర్చీలో కూర్చున్న అత్తయ్య అన్నది: “ఒరేయ్, మీ మామయ్య తాళం తిప్పగానే ముందు టిక్కుటిక్కుమనేది కాదూ? నేను వంటింట్లోంచి విని చెప్పులు వేసుకునేదాన్ని. ఆ చప్పుడేదిరా?”

ఆ చప్పుడు పెట్రోలు పంపుది. విద్యుత్తు తీగచుట్ట ఒక పొరను లాగుతుంది. పొర కొసకు రాగానే రెండు లోహపు మొనలు విడిపోయి విద్యుత్తు ఆగుతుంది. స్ప్రింగు పొరను త్రోసి పెట్రోలును ముందుకు పంపుతుంది, మొనలు మరల కలుస్తవి. ఆ కలయిక చప్పుడే ఆమె విన్నది. ఏళ్ళ తరబడి నిలిచిపోయిన కారులో ఆ మొనలకు చిలుము పట్టింది. అతడు సన్నని గరుకు కాగితంతో వాటిని రుద్ది, తాళం త్రిప్పినాడు. టిక్కు, టిక్కు, టిక్కు. కార్బురేటర్లు నిండగానే చప్పుడు తానే ఆగినది.

“ఆఁ, అదే” అని అత్తయ్య చెప్పుల కోసం చూచినది.

బీచి రోడ్డుపై సాయంత్రం మొదలు ఉదయం వరకు వాహనాలను పోనివ్వరు. అందుచేత ఎండ ఎక్కిన తరువాత బయలుదేరినారు. గాంధీ విగ్రహం దాటి, పాత దీపస్తంభం దాటి, కారు మెల్లగా సాగినది. దారిపొడుగునా ఆమె సముద్రం వైపు చూడలేదు. తల కొద్దిగా వంచి ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నది.

పాత ఇనుము కొనేవాడికి ఆ కారు దక్కలేదు. మేనల్లుడి అద్దె ఇంటి ముందు, ఒక రేకుల పంచన ఉన్నది. అతడు పాడుచేసిన చోట, బుష్ ప్రక్కన, నేటికీ ఒక నీటిచుక్క ఊరుతూ ఉంటుంది. ప్రతి ఉదయం కార్యాలయానికి పోయేముందు దానిని గుడ్డతో తుడుస్తాడు.