చమక్ ఎన్నాళ్లుండాలి?

పోయిన వానాకాలం ఒక గిటార్ నా దగ్గరికి తిరిగొచ్చింది. బందర్‌లో ఉండే ఒక కాలేజీ అమ్మాయి కోసం చేసిన గిటార్ అది. మూడు నెలల మెహనత్. పెట్టె తెరిచి చూస్తే కుడి చెయ్యి ఆనే చోట పాలిష్ మెత్తబడి, తెల్లగా మసకేసి ఉంది. వేలు పెడితే అంటుకుంటోంది. "నేనేం చెయ్యలేదు భయ్యా, వాయించానంతే" అంది ఫోన్‌లో. ఆ మాటకి నాకే షరమ్ వేసింది. వాయించడానికే కదా చేసింది!

తప్పు ఆ పిల్లది కాదు, నాది. నేను వేసింది చపడా పాలిష్. మన ఇళ్లల్లో పాత అల్మారాలకీ, పలంగులకీ వేసే స్పిరిట్ పాలిషే. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే లక్కని శుద్ధి చేస్తే పల్చటి రేకుల్లా చపడా వస్తుంది. దాన్ని స్పిరిట్‌లో కరిగించి, బట్టలో దూది చుట్టి, ఆ ఉండతో రుద్దుతూ పోవాలి. పదుల సార్లు రుద్దితేగానీ చమక్ రాదు. ఈ హునర్ నాకు అబ్బా నేర్పిందే. ఆయన నలభై ఏళ్లు పాలిష్ మేస్త్రీ.

గిటార్‌కి చపడా ఎందుకంటే, ముందు పలక మందం మూడు మిల్లీమీటర్ల లోపే. ఆ పలక కదిలితేనే ఆవాజ్. దాని మీద మందంగా పూత పడిందా, గొంతు మీద కంబళి కప్పినట్టే. చపడా పల్చగా ఉంటుంది. గీత పడినా ఫికర్ లేదు, మళ్లీ రుద్దితే కొత్త పూత పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది. కానీ దానికి చెమట పడదు, వేడి పడదు. సెంటు చుక్క పడినా మచ్చే, అందులో ఉండేది ఆల్కహాలే కాబట్టి. బందర్ ఉక్కపోతలో రోజుకి రెండు గంటలు వాయిస్తే ఇంకేమవుతుంది!

మరేం వెయ్యాలి? తెలిసిన కారీగర్లని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. "పీయూ కొట్టు భాయ్, జిందగీ చూడక్కర్లేదు." నిజమే. పీయూ అంటే రెండు డబ్బాల మందు. కలిపి కొట్టాక గట్టిపడిందంటే స్పిరిట్‌కి కరగదు, చెమటకి లొంగదు. చెయ్యి తిరిగినవాడు పల్చగా కూడా కొట్టగలడు. దెబ్బ తగిలితే మాత్రం అతుకు వెయ్యడం కష్టం, కొత్త పూత పాతదానిలో కరిగి కలవదు.

నా ఫికర్ అది కాదు. ఆ రెండో డబ్బాలో ఐసోసయనేట్ ఉంటుంది. స్ప్రే కొట్టినప్పుడు ఆ తుంపర ఊపిరిలోకి పోతే ఆస్తమా రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, తర్వాత కాస్త పీల్చినా ఆయాసమే. అబ్బా చివరి పన్నెండేళ్లు ఒక ఫర్నిచర్ షాపులో ఈ స్ప్రేయే కొట్టారు, ముక్కుకి రుమాలు కట్టుకుని. మాస్క్ ఎవరూ ఇవ్వలేదు, ఈయనా అడగలేదు. ఇప్పుడు రాత్రిళ్లు ఆ దగ్గు ఇంట్లో అందరికీ వినిపిస్తుంది. ఫజర్‌కి లేవగానే ముందు ఇన్‌హేలర్ కోసం తడుముకుంటారు. డాక్టర్ "ఏం పని చేసేవారు?" అని అడిగి, జవాబు విని, కాసేపు మాట్లాడలేదు.

నైట్రో లాకర్ అని ఇంకొకటుంది. అమెరికాలో గిటార్ కంపెనీలు 1920ల నుంచీ వాడుతున్నారు. పల్చగా ఉంటుంది, అతుకు బాగా కలుస్తుంది. ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది, చలి దెబ్బకి సన్నగా చిట్లుతుంది. పైగా ఇట్టే అంటుకునే సరుకు. నా ఖార్ఖానా అంటే ఇంటి వెనక ఒక్క గది, పక్కనే అమ్మీ చూల్హా.

మిగిలింది నూనె వార్నీష్. స్ప్రే అక్కర్లేదు, బ్రష్ చాలు. చపడా కన్నా చెమటకి బాగా తట్టుకుంటుంది. అయితే గాలి పీల్చుకుని ఆరాలి కాబట్టి నెమ్మది. రోజ్‌వుడ్‌లో ఉండే నూనె దాన్ని అసలు ఆరనివ్వదు, అందుకని ముందు మైనం తీసిన చపడా ఒక పూత వెయ్యాలి. తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి మంట పుడుతుంది, తీగ మీద విడివిడిగా ఆరెయ్యాలి.

నాలుగు చెక్క ముక్కలకి నాలుగూ వేసి (పీయూ బయట కొట్టించుకొచ్చా), ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ రాత్రంతా వాటి మీద ఉంచా. తెల్లారేసరికి చపడా తెల్లబడింది. నైట్రో, వార్నీష్ కాస్త మసకేశాయి, తుడిస్తే పోయింది. పీయూకి ఏమీ కాలేదు.

ముక్కలన్నీ అబ్బా ముందు పెట్టా. బొటనవేలితో ఒక్కొక్కటీ రాసి చూసి, పీయూ ముక్క చేతిలోకి తీసుకుని, "గట్టిది ఇదే బేటా" అన్నారు. అని, దాన్ని పక్కన పెట్టేశారు. "వార్నీష్ పూసేటప్పుడు నన్ను పిలువు. బ్రష్ పట్టడం నీకు రాదు."

స్పిరిట్‌తో పాత పాలిష్ అంతా తీసేశాం. కిటికీలు బార్లా తెరిచి, దుమ్ము లేవకుండా నేల తడిపి, పల్చగా నాలుగు పూతలు. ప్రతి పూతకీ మధ్య రేగ్‌మాల్ నేను పట్టా, బ్రష్ మాత్రం ఆయన వదల్లేదు. గట్టిపడడానికి మూడు వారాలు సబర్.

"ఇప్పుడు ఎన్నాళ్లుంటుంది భయ్యా?" అని అడిగింది ఆ పిల్ల. "ఏమీ కాదని వాదా చెయ్యలేను. వాయించాక పొడి గుడ్డతో తుడువు, ఎండలో కారులో వదిలెయ్యకు. చెడితే బాగుచేసిస్తా" అన్నా. పీయూ మెరుపు కావాలన్న గ్రాహక్ ఒకతను మాత్రం వెనక్కి పోయాడు. ఆ నష్టం చిన్నది కాదు, అయినా పోనీ అనుకున్నా.

మీ ఇళ్లల్లో స్ప్రే పని చేసే అబ్బాలు, చాచాలు, భాయ్‌లు ఉంటే ఒక్క మాట చెప్పండి. దానికి సరైన మాస్క్, గాలి బయటికి లాగే ఏర్పాటు ఉండాలి. రుమాలు చాలదు.