బార్మత్: వంతెనకి ఈవల, ఆవల

యూకేలో ఉండే మనవాళ్లకి వీకెండ్ ట్రిప్ అంటే లండన్, ఎడిన్‌బరా, మహా అయితే స్నోడన్ కొండ. నేను ఈసారి బార్మత్ వెళ్లొచ్చా. వేల్స్ పడమటి తీరంలో, మౌదఖ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న ఊరిది. బర్మింగ్‌హామ్ నుంచి నేరుగా రైలుంది. కొన్ని గంటలు పడుతుంది. మధ్యలో రైలు రెండుగా విడిపోయి చెరో దారిన పోతుంది కాబట్టి, ఏ పెట్టె ఎటు వెళ్తుందో కనుక్కుని ఎక్కండి.

ఊరి ముందు పొడవాటి ఇసుక తీరం. రేవు దగ్గర పిల్లలు దారానికి మాంసం ముక్క కట్టి పీతలు పడుతుంటారు. బకెట్లో కాసేపు చూసుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఊరి వెనకాలే నిటారుగా దినాస్ ఓలై కొండ. 1895లో ఫానీ టాల్బట్ అనే ఆవిడ ఈ స్థలాన్ని నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. ఆ సంస్థ చేతికొచ్చిన మొట్టమొదటి భూమి ఇదే. ఇక్కడ ఎవరూ ఎప్పటికీ ఇళ్లు కట్టకూడదన్నదే ఆవిడ కోరిక.

అసలు ఆకర్షణ మాత్రం చెక్క వంతెన. 1867 నాటిది, దాదాపు 800 మీటర్లు. ఒకపక్క రైలు వెళ్తుంటే పక్కనే మనం నడిచి వెళ్లొచ్చు. ఎదురుగా కాడెర్ ఇద్రిస్ పర్వతం. 1980లో దీని చెక్క కాళ్లను సముద్రపు పురుగు తొలిచేసిందని తేలింది. అయినా వదిలెయ్యలేదు, బాగుచేశారు. ఈమధ్య మళ్లీ కోట్లు ఖర్చుపెట్టి పాడైన దుంగలు మార్చారు.

వంతెన దాటి ఇంకాస్త నడిస్తే ఫెయిర్‌బోర్న్. జనాభా సుమారు 700. అడుగు వెడల్పు పట్టాల మీద నడిచే బుల్లి రైలు ఇక్కడి ముచ్చట. ఇది కూడా 1895లోనే, ఊరు కట్టే సామాను మోయడానికి గుర్రాలతో మొదలైంది. ఇప్పుడా ఊరికే గడువు పెట్టారు. పెద్ద పోటు వస్తే సముద్రం ఊరికంటే ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఉన్నది గట్టు ఒక్కటే. సముద్రమట్టం పెరుగుతోంది కాబట్టి 2054 తర్వాత ఆ గట్టును కాపాడలేమని, జనాన్ని తరలించాలని ప్రణాళిక. ఆ మాట బయటికొచ్చాక ఇళ్ల ధరలు పడిపోయాయి, కొనేవాళ్లకి బ్యాంకు అప్పు పుట్టడం కష్టమైంది. మమ్మల్నే ఎందుకు వదిలేస్తున్నారని ఊరివాళ్లు అడుగుతూనే ఉన్నారు.

నాకు మా కాకినాడ పక్కనున్న ఉప్పాడ గుర్తొచ్చింది. అక్కడ ఎవరూ తేదీ చెప్పలేదు. తుపాను తుపానుకీ ఇళ్లు, గుళ్లు, రోడ్డు కడలిపాలయ్యాయి. ముందే తెలియడం మేలా, తెలియకపోవడం మేలా? ఫెయిర్‌బోర్న్ వీధిలో ఒకాయన నిచ్చెనెక్కి ఇంటికి కొత్త రంగు వేసుకుంటున్నాడు.

బార్మత్ వెళ్తే అక్కడితో ఆగకండి. వంతెన మీదుగా నడిచి ఫెయిర్‌బోర్న్ వెళ్లండి, ఓ టీ తాగండి. వేసవిలో అయితే బుల్లి రైలెక్కి, చివర్లో పడవలో ఏరు దాటి బార్మత్ చేరొచ్చు.