రక్తంలో ఎర్రదీపం

పిల్లలూ, పచ్చని ఆకుకూ ఎర్రని రక్తానికీ చుట్టరికం ఉన్నదంటే నమ్ముతారా? నిజంగానే ఉన్నది. రెండింటికీ రంగునిచ్చే పదార్థాలు ఒకే వంశానివి. ఆ వంశం పేరు పార్ఫిరిన్.

నాలుగు చిన్న ఉంగరాలను చేర్చి ఒక కడియంగా కూర్చినట్టుంటుంది పార్ఫిరిన్ అణువు. కడియం నడుమ ఒక లోహం ఇమిడేటంత చోటు ఉన్నది. ఇనుము కూర్చుంటే అది రక్తానికి రంగు. కడియం కాస్త మారి, నడుమ మెగ్నీషియం కూర్చుంటే అది ఆకుకు రంగు. ఈ రెండింటి నిర్మాణాన్నీ పరిశోధించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ ఫిషర్‌కు 1930లో నోబెల్ బహుమతి లభించింది.

తోటకూర ఆకును నలిపి స్పిరిట్‌లో వేస్తే పసరు దిగుతుంది. చీకటిగదిలో దానిమీద నీలికాంతి పడనిస్తే, పచ్చని పసరు నిప్పుకణంలాగా ఎర్రగా మెరుస్తుంది! నేను పనిచేసిన ప్రతి బడిలోనూ ఈ వింత పిల్లలకు చూపించేవాణ్ణి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కనక, మీరు మాస్టారి ఎదుటనే చేయండి.

రక్తపు రంగు మాత్రం అట్లా వెలగదు. కడియం మింగిన కాంతినంతా నడుమనున్న ఇనుము క్షణంలో వేడిగా మార్చేస్తుంది. అయితే ఆ ఇనుమే కరువైతే?

మన ఎముకల్లోని మూలుగ కడియాన్ని తయారుచేసి, చివరకు అందులో ఇనుమును పొదుగుతుంది. ఇనుము చాలకపోతే ఆ చోటులోకి జింకు వచ్చి చేరుతుంది. జింకు వెలుగును ఆర్పదు. అందుచేత అటువంటి రక్తపుబొట్టు మీద ఊదాకాంతి పడితే నారింజ ఎరుపు వెలుగు వస్తుంది. ఇది అందరి రక్తంలోనూ కొంచెం ఉంటుంది; ఇనుము తగ్గినప్పుడు హెచ్చుతుంది. ఒక్క బొట్టుతో దీన్ని కొలిచే పరికరాన్ని 1970 దశకంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారుచేశారు. సీసం ఒంట్లో చేరినా ఈ వెలుగు హెచ్చుతుంది కనక, వైద్యులు వేరే పరీక్షలు కూడా చేసి నిర్ణయిస్తారు.

మనిషి ఈ కడియాన్ని ఇంకా పెద్దది చేశాడు. చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల తాళ్లు పొడుగైనకొద్దీ మెల్లగా ఊగుతుంది కదా? అట్లాగే కడియం అంచులకు మరికొన్ని ఉంగరాలు తగిలిస్తే, వచ్చే కాంతి ఎరుపుదాటి కంటికి కనబడనంత దూరం పోతుంది. టార్చిలైటును అరచేత్తో మూస్తే వేళ్లు ఎర్రగా కనబడతాయి. అంటే ఎర్రని కాంతి మాంసంలోగుండా సాగగలదన్నమాట. నడుమ ప్లాటినం గాని పల్లాడియం గాని పెడితే, ప్రాణవాయువు ఎక్కువున్నచోట ఆ వెలుగు మందగిస్తుంది, తక్కువున్నచోట పెరుగుతుంది. కనక కండలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో పరిశోధకులు ఈ వెలుగును బట్టి కొలుస్తారు.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, కర్నూలు, కడప జిల్లాల మెట్ట ఊళ్లలో ముప్పయ్యేళ్లకు పైగా పాఠాలు చెప్పాను. వానలు లేని ఏడు, ప్రార్థనలో నిలబడిన ఆడపిల్లలు కళ్లు తిరిగి కూలబడేవారు. తరగతిలో కునికే పిల్లను కొందరు సోమరి అనేవారు. ఒకనాడు బడికి వచ్చిన డాక్టరమ్మ అటువంటి పిల్ల కనురెప్పను కిందికి లాగి, పాలిపోయిన లోపలి భాగాన్ని మాకు చూపింది. “ఈ పిల్లది సోమరితనం కాదండీ, రక్తహీనత” అన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా రక్తహీనత కనబడింది.

మన మెట్టపొలాల్లో పండే సజ్జలు, ఉలవలు, నువ్వులు ఇనుము కలవి. తోటకూర కూడా అంతే. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతో టీ తాగితే పట్టదు. బడిలో ఇచ్చే ఇనుము మాత్రలను పారవేయకండి. మీ పక్కన కూర్చున్న పిల్ల ఊరికే అలసిపోతుంటే, నవ్వకుండా మాస్టారికి చెప్పండి.